ఫో గిన్నెలో సాసు పిండకండి

శాన్‌హోసేలో థాయ్, వియత్నామీ వంటలు రెండూ ఒకే బోర్డు కింద వడ్డించే చిన్న హోటళ్లు చాలా పేటల్లో కనిపిస్తాయి. వాటి గొప్పతనాన్ని గోడల మీది బొమ్మల్లోనో పొడుగాటి మెనూలోనో వెతక్కండి. వెనక వంటగదిలో రెండు వస్తువులున్నాయో లేదో కనుక్కోండి: రాత్రంతా సెగ మీదుండే పెద్ద డేగిసా ఒకటి, రాతి రోలు ఒకటి. ఆ రెండూ ఉన్నచోట తిన్న భోజనానికి సాటి లేదని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ముందు డేగిసా సంగతి. వియత్నాం నూడుల్సు సూపు ఫోను కాసేది బీఫ్ ఎముకలతో. వాటిని కాసేపు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ఒక్కో ఎముకనీ కడుగుతారు. ఈ పని ఎగ్గొట్టినవాడి సూపు మడ్డిగా ఉంటుంది, ఎంత మసాలా వేసినా దాచలేడు. ఉల్లిపాయల్నీ అల్లాన్నీ పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, మాడిన పొర గీకేసి వేస్తారు. ఆ తేనెరంగు, ఆ పొగవాసన అక్కణ్ణుంచి వచ్చేవే. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు, నల్ల యాలక్కాయ వట్టి మూకుట్లో వేయించి, గుడ్డలో మూటగట్టి దించుతారు. ఆ తర్వాత కుతకుతా ఉడకనిచ్చారా, చెడిందే. బుడగ లేచీ లేవనంత సన్నసెగ మీద ఎనిమిది గంటలో, పన్నెండు గంటలో ఉంచి, పైకొచ్చిన తెట్టు తీస్తూనే ఉండాలి. చివర ఉప్పదనానికి నుక్ మామ్ అనే చేపల సాసు పోస్తారు. అందులో పేరున్నది ఫూక్వాక్ దీవిది. మూడు పాళ్ల నెత్తళ్లకు ఒక పాలు ఉప్పు చొప్పున చెక్క పీపాల్లో ఏడాది మగ్గబెట్టి దించుతారు. 2012లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు రక్షణ కూడా ఇచ్చింది.

నేనెరిగిన ఒక వంటావిడ చేతినేర్పు చూడాలి. సేమ్యాకన్నా వెడల్పైన ఆ బియ్యపు నూడుల్సును జల్లి గరిటెలో వేడినీళ్లలో ముంచి, ఒక్క విదిలింపుతో నీరంతా దులిపి గిన్నెలో పడేస్తుంది. కాగితమంత పల్చగా కోసిన పచ్చి మాంసం పరుస్తుంది. పైనుంచి మరిగే సూపు పోస్తే, గిన్నె బల్ల మీదికొచ్చేలోగా ముక్క పదునుకొస్తుంది.

ఈ వంట వియత్నాం ఉత్తరాన నామ్‌దిన్‌లో పుట్టిందని కొందరు, కాదు హనోయ్‌లోనేనని కొందరు అంటారు. ఫ్రెంచివాళ్ల బీఫ్ ఎముకలకు చైనా నూడుల్సు తోడయ్యాయంటారు. 1954లో దేశం రెండైనప్పుడు వలస వెళ్లినవాళ్లతో సైగాన్‌లో వేళ్లూనుకుంది, 1975 తర్వాత శరణార్థులతో కాలిఫోర్నియా చేరింది. సైగాన్ గిన్నె పక్కన తులసిజాతి ఆకులు, పెసర మొలకలు, నిమ్మచెక్క పెడతారు. నేను మాత్రం హనోయ్ పక్షం. ఉల్లికాడలు, వెల్లుల్లి ఊరిన వెనిగర్ ఉంటే చాలు. అక్కడ బాట్‌దాన్ వీధి 49వ నంబరులో వరసలో నిలబడి, ముందే డబ్బు కట్టి, గిన్నె మనమే మోసుకెళ్లి తినాలి. అంత మర్యాద ఆ సూపుకు తగినదే.

అలాంటి సూపును చెంచాడైనా రుచి చూడకుండా హోయ్‌సిన్, శ్రీరాచా సాసులు బరబరా పిండేవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. కోడిపుంజు బొమ్మ శ్రీరాచా సీసాను 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలుపెట్టిన డేవిడ్ ట్రాన్ కూడా వియత్నాం శరణార్థే, ఆయనంటే నాకు గౌరవం. ఆ సాసు పక్కన చిన్న గిన్నెలో ఉండాలి, మాంసం ముక్క అందులో ముంచుకోవాలి.

ఇక రోలు. థాయ్ పచ్చ కూరకు పచ్చిమిర్చి, నిమ్మగడ్డి, గలంగల్ దుంప, మఖ్రూట్ నిమ్మతొక్క, కొత్తిమీర వేళ్లు, వెల్లుల్లి, చిన్నుల్లి, రొయ్యల ముద్ద కలిపి నూరుతారు. గట్టివి ముందు, తడివి తర్వాత. రోటి పచ్చడికీ మిక్సీ పచ్చడికీ తేడా తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా? చిక్కటి కొబ్బరిపాలు విరిగి నూనె తేలేదాకా కాచి, అందులో ఈ ముద్దను వేయించాలి. ఈ పాత పద్ధతుల్ని పట్టుబట్టి పాటించిన వంటవాడు డేవిడ్ థాంప్సన్ లండన్ హోటల్ నామ్‌కు మిషెలిన్ తార వచ్చింది. బాంకాక్‌లో బొగ్గు పొయ్యి ముందు పెద్ద కళ్లజోడు పెట్టుకుని పీతల ఆమ్లెట్ వేసే జే ఫాయ్‌కి 2017లో వచ్చింది. తార రాకముందూ ఆవిడ చేతిలో అంతే పనితనం ఉంది.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? డబ్బా పేస్టు, డబ్బా కొబ్బరిపాలు, గుప్పెడు పంచదార కలిపి పచ్చ కూర అంటున్నారు. వేడినీళ్లలో సూపు పొడి కలిపి ఫో అంటున్నారు. ఇది తినేవాణ్ణి మోసం చెయ్యడమే కాదు, పక్కవీధిలో రాత్రంతా తెట్టు తీసినవాడి పొట్ట కొట్టడం కూడా. అద్దెలు పెరిగాయి, ఆ వంటవాళ్ల పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు. రెండు గిన్నెల ధర ఒకేలా ఉండాలని మనం పట్టుబడితే ముందు మూతపడేది అసలైనదే.

బే ఏరియాలోని మనవాళ్లలో శాకాహారులకు ఒక మాట. థాయ్ కూరలో టోఫు వేయించుకున్నంత మాత్రాన అది శాకాహారం కాదు, పేస్టులో రొయ్యలున్నాయేమో అడగండి. వియత్నాం బౌద్ధులు అమావాస్య, పున్నమి రోజుల్లో తినే 'చై' వంటలు అడగండి. ముల్లంగి, క్యారెట్, పుట్టగొడుగులు, కాల్చిన ఉల్లితో కాచే ఫో చై దేనికీ తీసిపోదు.

మధ్యాహ్నానికే "ఇవాళ సూపు అయిపోయింది" అని చెప్పే హోటల్ మీద కోపగించుకోకండి. పొడి కలిపేవాడికి సూపు ఎప్పుడూ అయిపోదు. మర్నాడు పదకొండింటికల్లా వెళ్లండి, ధర గురించి సణక్కుండా ఇచ్చి రండి.