పలకల కింద

అమెరికాలో సొంత ఇల్లున్న తెలుగు కుటుంబాలకు వేసవి సాయంత్రాలు చాలావరకు డెక్ మీదే గడుస్తాయి. వంటింటి తలుపు తీస్తే చాలు, పెరటి నేలకు ఐదారడుగుల ఎత్తున చెక్కతో కట్టిన వేదిక. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల కాఫీలు, పిల్లల పుట్టినరోజులు, వ్రతం నాటి భోజనాలు అన్నీ అక్కడే. ఇంతమందిని మోసే కట్టడాన్ని మనం పైనుంచే చూస్తాం. రంగు వెలిసిందా, పలక పగిలిందా, మేకు పైకి లేచిందా అని. న్యూజెర్సీలో మా పాత డెక్ విప్పించి కొత్తది కట్టించాక నేను అందరికీ చెబుతున్న మాట ఒక్కటే: డెక్‌ను కింద నుంచి చూడండి.

ఇంటి గోడకు ఆనించి బిగించే పొడవాటి దూలాన్ని ఇక్కడి వడ్రంగులు లెడ్జర్ అంటారు. మామూలు డెక్కుల్లో బరువు దాదాపు సగం దాని మీదే పడుతుంది. మిగతా సగం అవతలి కొసన ఉన్న గుంజలు మోస్తాయి. గోడకూ లెడ్జర్‌కూ మధ్య సందులోకి వాన నీరు దిగిందంటే మళ్లీ ఆరదు. ఎండ తగలదు, గాలి ఆడదు. ఏళ్ల తరబడి నానిన చెక్క లోలోపల చివికిపోతుంది. మా వడ్రంగి డెక్ కిందికి దూరి, స్క్రూడ్రైవర్ మొనతో లెడ్జర్‌ను జానెడుకో చోట పొడిచి చూశాడు. గట్టి చెక్క ఉన్నచోట మొన ఆగింది. సరిగ్గా వంటింటి తలుపు కింద మాత్రం మెత్తగా లోపలికి దిగిపోయింది. పైగా ఆ దూలాన్ని గోడకు పట్టి ఉంచింది ఉత్త మేకులే. బయటికి ఊడలాగే బలానికి మేకు నిలవదు. అందుకే ఇప్పటి నిబంధనలు అక్కడ మేకులను నమ్ముకోనివ్వవు, బోల్టులో లావుపాటి లాగ్ స్క్రూలో వేయమంటాయి.

ఇది అతి జాగ్రత్త అనుకునేవారు బర్క్‌లీని గుర్తుచేసుకోవాలి. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఆ ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ విరిగి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. భవనం పూర్తయింది 2007లో. కొత్తదనే చెప్పాలి. లోపలికి దిగిన నీటికి బాల్కనీని మోసే చెక్క వాసాలు కుళ్లిపోయాయి, పైన నిలబడ్డవాళ్లకు ఆ సంగతే తెలియలేదు.

విప్పేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 2003 వరకు ఇళ్ల డెక్కులకు వాడిన కలపలో చాలాభాగం పుచ్చకుండా, చెదపట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించిందే. ఆ ఏడాది చివరితో ఇళ్లకు ఆ వాడకం ఆగిపోయింది. అలాంటి పాత చెక్కను చలిమంటల్లో వేయకూడదు. పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు ఉండాలి. ఆ ముక్కలతో కూరగాయల మడులకు గట్లు కట్టకూడదు. ఇప్పుడొచ్చే కలపలో రాగి మందు ఎక్కువ. అది మామూలు ఇనుమును తినేస్తుంది కాబట్టి స్క్రూలు, బిగింపు రేకులు అన్నీ మందంగా జింకు పూత పట్టినవో, స్టెయిన్‌లెస్ స్టీలువో కావాలి.

కొత్త డెక్‌కు గుంజల గుంతలు మూడడుగుల లోతు తవ్వారు. చలికాలంలో గడ్డకట్టిన మట్టి ఉబ్బి గుంజలను పైకి నెట్టకుండా ఉండాలంటే పునాది ఆ గడ్డకట్టే లోతు దాటి దిగాలి. లెడ్జర్ పైన, గోడ తొడుగు కిందికి పోయేలా రేకు మడిచి పెట్టారు, నీళ్లు బయటికే జారిపోవడానికి. చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు ఆగాలన్నది లెక్క. 12 అడుగులకు 16 అడుగుల డెక్ అంటే సుమారు మూడున్నర మెట్రిక్ టన్నులు. గృహప్రవేశం నాడు భోజనాల వేళకు జనమంతా ఒక్కసారి డెక్ మీదికొస్తే ఎందుకంత లెక్క వేశారో అర్థమవుతుంది.

మా స్నేహితుల్లో చాలామంది పాత వాసాల మీదే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన ఖరీదైన కాంపోజిట్ పలకలు వేయించుకుంటున్నారు. చూడటానికి బాగుంటుంది, పర్మిట్ తిరుగుడూ ఉండదనుకుంటారు. అది నాకు భయం కలిగిస్తుంది. కొత్త పలకలు పరిచాక కిందనున్న పుచ్చు ఎవరి కంటా పడదు. పర్మిట్ తీసుకుంటే పలకలు పరవకముందే ఊరి ఇన్‌స్పెక్టర్ వచ్చి బోల్టులు, వాసాలు, రేకులు చూసి వెళ్తాడు. మంచి వడ్రంగి పనితనం కనిపించేది ఆ ఒక్కరోజే. మీరూ అప్పుడు కిందికి దిగి చూడండి, ఏది దేన్ని మోస్తోందో అతన్ని అడిగి తెలుసుకోండి. డబ్బు సరిపోకపోతే పై పలకలు చవకవి వేయించుకోండి, పదేళ్ల తర్వాతైనా మార్చుకోవచ్చు. లెడ్జర్ దగ్గర, గుంజల దగ్గర, బోల్టుల దగ్గర మాత్రం ఒక్క డాలరు కూడా తగ్గించకండి.