శనివారపు బడికి శుక్రవారపు వేట

కెనడాలో విద్య సమాఖ్య ప్రభుత్వపు అధీనమున లేదు. 1867 నాటి రాజ్యాంగ శాసనపు 93వ విభాగము దానిని రాష్ట్రముల చేతిలో పెట్టినందున, ఈ దేశమునకు జాతీయ విద్యాశాఖయు లేదు, జాతీయ పాఠ్యప్రణాళికయు లేదు. ఈ ఏర్పాటులోని గుణదోషములను రాజనీతిజ్ఞులు విచారింతురు గాక. మూడవ తరగతికి పాఠము చెప్పుకొను ఉపాధ్యాయునికి మాత్రము దానివలన కలుగు చిక్కు మిక్కిలి చిన్నది, నిత్యమైనది. అంతర్జాలమున వెదకి పెట్టు యంత్రమునకు సరిహద్దులు తెలియవు. ఉష్ణోగ్రతలపై ఒక అభ్యాసపత్రము కావలెనన్నచో అది దక్షిణపు పొరుగుదేశమునుండి ఫారన్‌హీటు కొలతల కాగితమును తెచ్చి యిచ్చును. పొడవులు కావలెనన్నచో అడుగులను, అంగుళములను కుమ్మరించును. మా అంటారియో రాష్ట్రపు బాలుడేమో సెల్సియసులో వణకుచు, సెంటీమీటర్లలో పెరుగుచుండును.

నేను చెప్పునది తెలుగు. అంటారియోలో 1977లో వారసత్వ భాషల పథకమను పేర ఆరంభమైనదానిని ఇప్పుడు అంతర్జాతీయ భాషల పథకమందురు. ఒక పాఠశాలా బోర్డులోని ప్రాథమిక విద్యార్థులలో 23 మంది తల్లిదండ్రులు కోరినచో ఆ భాషకు తరగతి తెరచుట బోర్డునకు విధి. బోధన వారమునకు రెండున్నర గంటలకు మించరాదు. మా తరగతికి ఆ రెండున్నర గంటలును శనివారము ఉదయమున వచ్చును. గది ఉన్నది, గంట ఉన్నది, నిర్ణీతమైన పుస్తకము లేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వముల వాచకములు అంతర్జాలమున ఉచితముగా దొరకునవే, చక్కనివే. ఐనను అవి ఇంటను, వీధిలోను, బస్సులోను తెలుగు వినుచు పెరుగు పిల్లలను ఉద్దేశించి వ్రాసినవి. అమ్మ తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో బదులు చెప్పు పిల్లలకు వాటిని యథాతథముగా పెట్టుట కష్టము. అందుచేత శుక్రవారపు రాత్రి వేట తప్పదు.

ఆ వేటలో మంచివియు దొరకును. 1970లో మొదలైన అంటారియో ప్రభుత్వపు విద్యా టెలివిజను సంస్థ టీవీఓ, అంటారియో పాఠ్యప్రణాళికకు సరిపడునట్లు, తరగతుల వారీగా పాఠములను అమర్చి పెట్టినది. వాటర్లూ విశ్వవిద్యాలయపు గణిత కేంద్రము వారమునకొక లెక్కను ఉచితముగా పంపును. అన్నిటికంటె నాకు ఉపకరించినది, విచిత్రముగా, లెక్కల సంపుటమే. జాన్ మైటన్ అను టొరంటో నాటకకర్త, గణితజ్ఞుడు కూడ, 1998లో తన నివాసమున కొందరు పిల్లలకు చెప్పనారంభించిన పాఠములే పెరిగి జంప్ మ్యాథ్ అయినవి. నమోదు చేసికొన్న ఉపాధ్యాయులకు వాని మార్గదర్శకములు ఉచితము. తెలుగు పంతులుకు లెక్కలతో పని యేమని అడుగకుడు. ఒక్కొక్క మెట్టున ఒక్కటే కష్టము ఉండవలెను, ఆ మెట్టు అందరును ఎక్కినపిదపనే రెండవ మెట్టు రావలెను అను ఆ పద్ధతిని చదివినపిదప నేను వత్తుల పాఠమును మొదటినుండి మరల కట్టుకొంటిని. తెలుగు పిల్లవానికి పరిచితులైన బంధువులు అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త అందరును ద్విత్వాక్షరముల వారే గదా. కావున చెవికి మొదటి పాఠము ఇంటిలోనే సిద్ధముగా ఉన్నది. కాని వ్రాతకు వచ్చుసరికి మకారమునకును, నకారమునకును, తకారమునకును వత్తు రూపము అసలు అక్షరమును పోలి యుండదు. పకార చకారముల వత్తులన్ననో తలకట్టు తీసిన అక్షరములే. అందుచేత వినుటకు మొదట ‘అమ్మ’, వ్రాయుటకు మొదట ‘కప్ప’, ఆ పిమ్మట ‘పచ్చ’ అని విడదీసితిని. ‘అమ్మ’ అను మాటను వ్రాయుటకు మా పిల్లలు రెండు వారములు ఆగుదురు. తల్లులు కొందరు చిన్నబుచ్చుకొందురు. వత్తులు మాత్రము తిన్నగా కుదురుచున్నవి.

రంగురంగుల అభ్యాసపత్రములయందు నాకు విశ్వాసము తక్కువ. చుక్కలు కలుపుచు పిల్లవాడు ఇరువది నిమిషములు నిశ్శబ్దముగా ఉండును. ఆ నిశ్శబ్దమును చూచి మనము చదువని భ్రమింతుము. తెలుగు కాగితములలో ఇంకొక దుర్దశయు కలదు: తెలుగు లిపి నెరుగని సాఫ్ట్‌వేరులో కూర్చినందున వత్తు కిందికి దిగక, పొల్లుగా మారి పక్కన నిలుచుండును. డబ్బు పెట్టి కొన్నవానిలోను ఇట్టివి కలవు.

మార్చుకొనుటకు వీలైనది నాకు ప్రియము. బెంగళూరు ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెరచిన స్టోరీవీవర్ కథలు అట్టివి. నాలుగు స్థాయులుగా విభజించిన ఆ బొమ్మల కథలను ఎవరైనను చదువవచ్చును, దించుకొనవచ్చును, రచయితను, చిత్రకారుని పేర్కొని తమ భాషలోనికి మార్చవచ్చును, సులభపరచవచ్చును. నేను ఒకప్పుడు బొమ్మలను మాత్రము ఉంచి, మాటలను కప్పివేసి, వాక్యములను పిల్లలనే చెప్పుమంటిని. ఎనిమిదేండ్ల పిల్ల “కుక్క రన్ చేస్తోంది” అన్నది. దానిని దిద్దక, అట్లే బొమ్మ కింద వ్రాసితిని. మరుసటి శనివారము దానిని మరల చదువుచుండగా వెనుక బల్లమీది కుఱ్ఱవాడు, “కాదు టీచర్, పరిగెడుతోంది అనాలి, మా తాతయ్య అలాగే అంటారు” అన్నాడు. ఆ తాతయ్యగారిని నేను చూచి యెరుగను. నా పాఠములో సగము వారే చెప్పుచున్నారని మాత్రము తెలిసినది.

ఈ దేశపు ఆదివాసుల భాషలకై బ్రిటిష్ కొలంబియాలో 2003లో వెలసిన ఫస్ట్ వాయిసెస్ అను వేదికను చూచినపుడు నాకు ఆ తాతయ్యగారే గుర్తునకు వచ్చిరి. అచట మాటను నొక్కినచో ఆ భాష మాటాడు పెద్దల గొంతు వినబడును. ఏది లోకమునకు చూపవలెను, ఏది తమలోనే ఉంచుకొనవలెను అను నిర్ణయము ఆయా జాతులదే. లక్షన్నర మంది పిల్లలను ప్రభుత్వము ఆవాస పాఠశాలలకు చేర్చి తల్లిభాషను నోటినుండి తుడిచివేయ జూచిన చరిత్ర వారిది. కోరి వలసవచ్చిన మన మరపును దానితో పోల్చుట అపచారము. నేర్చుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదు. వారి భాషలను మాటాడువారు కొద్దిమందియే మిగిలినందున గొంతునే ముందుగా భద్రపరచుకొనిరి. 2011 జనగణన ప్రకారము భారతదేశముననే ఎనిమిది కోట్లకు మించిన మనము, నిఘంటువులను, వాచకములను, పాత పత్రికలను అంతర్జాలమునకు ఎక్కించితిమి. కాని మొదటి తరగతి పిల్లవానికి తగిన పది వాక్యములను నెమ్మదిగా, స్పష్టముగా చదివి వినిపించు గొంతు కావలెనన్న వెదకి వెదకి అలసిపోవుదుము. దొరకినవి సంగీతపు హోరులో మునిగిన కార్టూను పాటలు.

చట్టమును గురించి ఉపాధ్యాయులు అనవసరముగా జంకుదురు కావున ఒక మాట. 2012లో కెనడా కాపీరైటు చట్టమును సవరించినపుడు, కర్త అనుమతి లేకయే వాడుకొననిచ్చు ‘న్యాయమైన వినియోగపు’ ప్రయోజనములలో విద్యను చేర్చిరి. అంతర్జాలమున బహిరంగముగా ఉన్నదానిని, తాళము వేసి గాని, వలదని స్పష్టముగా ప్రకటించి గాని ఉండని పక్షమున, మూలమును, కర్తను పేర్కొని విద్యాసంస్థలు బోధనకు వాడుకొనవచ్చుననియు 30.04వ విభాగమున వ్రాసిరి. తరగతిలో ఒక కథను చూపుటకు ఇది చాలును. దానిని మార్చి లోకమునకు పంచుటకు మాత్రము కర్త అనుమతి కావలెను.

తల్లిదండ్రులు, అమ్మమ్మ తాతయ్యలు దీర్ఘకాలము వచ్చి ఉండుటకై 2011లో వచ్చిన సూపర్ వీసా పుణ్యమా అని, మంచుకాలమున కిటికీ పక్కన కూర్చుండి పొద్దు పుచ్చు అమ్మమ్మలు, తాతయ్యలు ఈ దేశమున ఎందరో యున్నారు. అయ్యా, అమ్మా, మీకొక విన్నపము. మీ చిన్ననాటి సంగతి యేదైనను, చింతచెట్టు గాని, బావి గాని, బడి గాని, పది చిన్న వాక్యములలో ఫోనులో చెప్పి రికార్డు చేయుడు. తొందరపడి చెప్పకుడు, మీ యాసను దాచకుడు. చివర మీ ఊరి పేరు చెప్పి, దీనిని ఎవరైనను పిల్లలకు వినిపించవచ్చునని ఒక్క మాట చేర్చి, దగ్గరలోని తెలుగు బడికి పంపుడు. శనివారమునకు అందునట్లు పంపినచో మరింత మేలు.