మెడకు తగ్గ తొట్టి

పశువుల సాల కట్టినవాడి పనితనం తెలియాలంటే మేత తొట్టి దగ్గర వంగి చూడాలి. కప్పూ గోడలూ దూరం నుంచే కనిపిస్తాయి, వాటికి దక్కాల్సిన మెప్పు ఎలాగూ దక్కుతుంది. గేదె రోజుకు నాలుగైదు గంటలు తల వంచుకుని నిలబడేది మాత్రం తొట్టి ముందు. దాని అంచు ఎంత ఎత్తున ఉంది, అడుగు నేలకు ఎంత పైన ఉంది, లోపలి మూలలు ఎలా తిరిగాయి అని చూస్తే చాలు, మేస్త్రి గోడను కొలిచి కట్టాడో గేదెను కొలిచి కట్టాడో తేలిపోతుంది.

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నానికి దగ్గర్లోని మాకవరపాలెం మండలం వరీ చెరకూ పండే ప్రాంతం. ఇక్కడి పాడి ఇళ్లలో సాల అంటే ఒకే వయసు, ఒకే జాతి పశువులు వరసగా నిలబడే ఫారం కాదు. ఈనిన గేదె, చూడి పడ్డ, పాలు మరిచిన దూడ, ఓ పక్క నాలుగు మేకలు, అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. వేసే మేతా ఒకటి కాదు. వరిగడ్డి, గట్ల మీద కోసుకొచ్చిన పచ్చిగడ్డి, చెరకు నరికే రోజుల్లో చెరకు ఆకు, పొద్దునా సాయంత్రం తవుడు కలిపిన కుడితి. ఇన్ని నోళ్లకూ ఇన్ని మేతలకూ ఒకే ఎత్తున సిమెంటు తొట్టి కట్టేస్తే అది ఏదో ఒక పశువుకే సరిపోతుంది. మేత తొట్టి ఎత్తు మార్చుకునేలా ఉండాలన్న ఆలోచన పెద్ద ఫారాలకన్నా ఇలాంటి చిన్న సాలలకే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఉపాధి హామీ నిధులతో కడుతున్న మినీ గోకులాల వల్ల ఈ సంగతి ఇప్పుడు మరీ ముఖ్యమైంది. రెండు, నాలుగు, ఆరు పశువుల లెక్కన కట్టే ఈ షెడ్లకు ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది రైతు పెట్టుకోవాలి. 2025 జనవరిలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ పిఠాపురంలో వీటిని ప్రారంభించినప్పుడు రాష్ట్రం మొత్తం మీద చెప్పిన సంఖ్య 12,500. అన్ని షెడ్లలో అన్ని తొట్లు! ఒక్క అంగుళం తేడా వేల మెడల మీద పడుతుంది.

మన పశుపోషణ పుస్తకాల్లో కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. పెద్ద పశువుకు తొట్టి వెడల్పు 60 సెంటీమీటర్లు, లోతు 40, పశువు వైపు గోడ ఎత్తు 50. తలకు 60 నుంచి 75 సెంటీమీటర్ల చోటు. దూడకైతే వెడల్పు 40, లోతు 15, గోడ ఎత్తు 20. మేస్త్రులు సాధారణంగా ఇందులో 50ని పట్టుకుంటారు, టేపు పెట్టి చూపించగలిగేది అదే కాబట్టి. కానీ 50లోంచి 40 తీసేస్తే వచ్చే పది సెంటీమీటర్లలో ఉంది అసలు కిటుకు. తొట్టి అడుగు, గేదె ముందు గిట్టలు ఆనే నేలకన్నా నాలుగు అంగుళాలే పైన ఉండాలి. అంటే పశువు దాదాపు నేల మీద మేస్తున్నట్టే తల దించుకుని తినాలి.

ఎందుకంటే పశువు మెడ అందుకే పుట్టింది. తల దించి మేసే ఆవు నోట్లో లాలాజలం ఎక్కువ ఊరుతుంది. తల నేలకు సమాంతరంగా చాచి తినే ఆవుతో పోలిస్తే ఇది సుమారు 17 శాతం ఎక్కువని పశుశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. పెద్ద ఆవుకు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం ఊరుతుంది. అందులోని సోడా గుణమే పొట్టలో పుట్టే పులుపును అణిచి, నెమరు సాఫీగా సాగేలా చేస్తుంది. తొట్టి ఎత్తు పెరిగితే ఆ మేరకు ఆ రక్షణ తగ్గుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. తల ఎత్తి తినే పశువు మేతను నోటితో పట్టి విసురుతుంది, ఆ విసురుకు కొంత గడ్డి వీపు మీదా పేడలోనూ పడుతుంది. తల దించి తినేదానికి ఆ అలవాటు తక్కువ.

ఇంతవరకూ తేలికే. పశువు పడుకుని లేచే తీరు తెలిస్తే పని ఎంత కష్టమో అర్థమవుతుంది. గుర్రం ముందు కాళ్ల మీద లేస్తుంది. ఆవూ గేదే అలా కాదు, మోకాళ్ల మీద ఆగి, తల ముందుకు విసిరి, ఆ ఊపుతో ముందుగా వెనక భాగాన్ని లేపుతాయి. ఆ విసురుకు ముందు చోటు కావాలి. పొట్టి పలుపుతో కట్టిన గేదెకు ఎదురుగా నిటారు సిమెంటు గోడ ఉంటే అది లేవబోయిన ప్రతిసారీ మూతి గుద్దుకుంటుంది. కొన్నాళ్లకు లేవడానికే జంకుతుంది. మేత నిలవాలంటే గోడ ఉండాలి, తల విసరాలంటే గోడ ఉండకూడదు. ఈ రెంటికీ రాజీ కుదర్చడంలోనే తొట్టి చేసేవాడి నేర్పంతా ఉంది. రాత్రికి తొట్టిని దించగలిగితేనో, పక్కకు తిప్పగలిగితేనో ఆ చిక్కు సగం విడిపోతుంది.

తాపీ మేస్త్రి పని ముందు చెబుతాను, ఎందుకంటే దానికి రావలసినంత పేరు రాలేదు. మంచి సిమెంటు తొట్టి లోపల చేయి పెట్టి చూడండి, ఎక్కడా మూల తగలదు. గోడ అడుగులోకి చంద్రవంకలా దిగుతుంది. పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు. నాలుకతో చుట్టి లాక్కుని తింటుంది. మూల చదరంగా ఉంటే నాలుక అక్కడికి చేరదు, తవుడు మిగిలి పులుస్తుంది, మర్నాడు పోసిన మంచి మేతకూ ఆ వాసన అంటుకుంటుంది. మేస్త్రి తాపీ వెనక్కి తిప్పి, సిమెంటు పాలు పోసి, తడి ఆరకముందే గుండ్రంగా నునుపు తిప్పుతాడు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క పూసి నునుపు తీసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మేస్త్రి చేతి నునుపును రోజూ మెచ్చుకునేది గేదె నాలుక ఒక్కటే.

ఆ నునుపుకు శత్రువు కుడితి. పులిసిన కుడితిలోని ఆమ్లం సిమెంటును కొద్దికొద్దిగా తినేస్తుంది. రెండు మూడేళ్లకు ఇసుక గరుకు తేలి, చిప్స్ బయటపడతాయి. పాతర గడ్డి వేసేవాళ్ల తొట్లు ఇంకా త్వరగా పాడవుతాయి. అందుకే ఇప్పుడు కొందరు లోపల మెరుపు టైల్సు పరిపిస్తున్నారు. టైలు మంచిదే కానీ, చతురస్రపు టైలు గుండ్రటి మూలలో ఇమడదు. ఇమడ్చాలంటే సన్నగా కోసి పేర్చాలి. అంత ఓపిక ఉన్న పనివాడు దొరికితే కూలి కాస్త ఎక్కువైనా బేరమాడకూడదు. కనుమ ముందు సున్నం కొట్టే అలవాటు ఉన్న ఇళ్లలో తొట్టి లోపలికీ ఒక పూత వేస్తే, అది అలంకారంతో పాటు క్రిములకు మందు కూడా.

రాతి తొట్లయితే తరతరాలు ఉంటాయి. ఇజ్రాయెల్‌లోని మెగిద్దో తవ్వకాల్లో స్తంభాల మధ్య నిలిపిన సున్నపురాతి తొట్లు బయటపడ్డాయి. అవి రెండున్నర వేల ఏళ్లకు పైబడినవి. రాయి అంత తేలిగ్గా అరగదు, పులవదు. కదలదు కూడా. పశువు మారినా తొట్టి మారదు.

కదిలే తొట్టికి ఇవాళ ఊళ్లలో చవగ్గా దొరికే సరుకు 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. దాని వ్యాసం సుమారు 58 సెంటీమీటర్లు, పొడవు 90కి అటూ ఇటూ. నిలువుగా సగానికి కోస్తే వెడల్పు దాదాపు పుస్తకంలో చెప్పిన 60, పొడవు ఒక పశువు తలకు కావలసినదానికన్నా కాస్త ఎక్కువే. మూలల్లేని అడుగు దానంతట అదే వస్తుంది. పురుగుమందులు, రసాయనాలు నిలవ చేసిన డ్రమ్ము మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా తేకూడదు.

ఇక్కడే లెక్క తప్పే వీలుంది. సగం డ్రమ్ము లోతు 29 సెంటీమీటర్లే. కాగితం మీది 50ని చూసి అంచును 50 ఎత్తున నిలబెడితే అడుగు 21కి లేచిపోతుంది, మెడకు దక్కాల్సిన వాలు పోతుంది. సగం డ్రమ్ముకు అంచు 40 దగ్గర ఉంటే అడుగు పదకొండు మీద నిలుస్తుంది. పనివాడికి చెప్పాల్సిన కొలత అడుగు నుంచి నేలకు, అంచు నుంచి కాదు. నిజానికి డ్రమ్మును సరిగ్గా సగానికే కోయాలని కూడా లేదు. పదిహేను సెంటీమీటర్ల లోతున ఒక చెక్కగా కోస్తే దూడకు అచ్చంగా సరిపోయే పల్చటి తొట్టి వస్తుంది. మిగిలిన పెద్ద ముక్క లోతు 43, మూతి 50కి కాస్త ఎక్కువ, పొట్ట 58. అంచులు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి విసిరిన గడ్డి తిరిగి అందులోనే పడుతుంది. ఒక్క డ్రమ్ములో తల్లికీ బిడ్డకూ తొట్లు. కొమ్ములు వెడల్పుగా సాగిన నాటు గేదెకు మాత్రం ఆ ఇరుకు మూతి పనికిరాదు, దానికి సగం డ్రమ్మే మేలు. కొమ్ములు చుట్టుకుపోయిన ముర్రాకు ఏదైనా ఒకటే.

దీన్ని నిలబెట్టే చట్రం వెల్డింగు పని. నేలలో పాతిన లావు చదరపు గొట్టం, అందులోకి దిగే సన్న గొట్టం, రెంటికీ అడ్డంగా తొలిచిన కన్నాలు, కన్నంలో దూర్చే చీల. కన్నానికీ కన్నానికీ మూడంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు. ఇరవై ఎత్తు దూడ తొట్టి నుంచి యాభై ఎత్తు దాకా వెళ్లడానికి అయిదు కన్నాలు చాలు. చూడ్డానికి ఇంత సులువైన పనిలో చేయి తిరిగినవాడికీ తిరగనివాడికీ తేడా ఎక్కడంటే, గొట్టాల మధ్య వదిలే సందులో. బిగుతుగా దూరే గొట్టం దుకాణంలో చాలా ముచ్చటగా ఉంటుంది. సాలలో మూత్రం, పేడ తేమ తగిలి ఆరు నెలలకు తుప్పు ఉబ్బి రెండూ ఒకటైపోతాయి, ఆ తర్వాత సుత్తితో కొట్టినా కదలదు. తెలిసినవాడు కావాలనే కాస్త వదులుగా వదిలి, గ్రీజు రాసి, లోపలి గొట్టం పైకొసకు మూత అతుకుతాడు. పాతిన గొట్టం అడుగున నీరు కారిపోవడానికి ఒక కన్నం వదులుతాడు.

చీల ఏ వైపు పెట్టాలన్నది మరో సంగతి. ఆవు నాలుక ఊరుకోదు. పలుపు ముడులు విప్పుతుంది, గొళ్లేలు తీస్తుంది, వదులుగా ఉన్న చీలను నాకి నాకి జారుస్తుంది. అందుకే చీల రైతు నిలబడే వైపు ఉండాలి, గొలుసుతో కట్టి ఉండాలి. డ్రమ్మును చట్రానికి బిగించే బోల్టుల గుండ్రటి తల లోపలికి, నట్టు బయటికి, నట్టు మీద మరో నట్టు. ఇది అందం కోసం కాదు. పశువు మేతలో ఇనుము ఉన్నా వేరు చేసి ఉమ్మలేదు, మింగేస్తుంది. ఆ ముక్క పొట్ట రెండో అరలో చేరి, మొన ఉంటే పొరను చీల్చుకుని గుండె దాకా గుచ్చుకుంటుంది. ఊడిన నట్టు కన్నా, కోసి పారేసిన తీగ ముక్క, ఎలక్ట్రోడు కొస మరీ ప్రమాదం. వెల్డింగు సాల బయటే చేసి, తొట్టిని తర్వాత లోపలికి తెచ్చే పనివాణ్ని నేను రెట్టింపు గౌరవిస్తాను.

అన్నిటికన్నా నాకు ముచ్చటేసే భాగం తొట్టి తిరిగే ఇరుసు. డ్రమ్ము రెండు చివర్లా ఒక్కో ఇరుసు పెడితే, కడిగిన నీళ్లు వంపి పారబోయవచ్చు, రాత్రికి తొట్టిని వెనక్కి తిప్పి గేదెకు తల విసిరే చోటు ఇవ్వవచ్చు. ఇరుసు ఎక్కడ పెట్టాలి? డ్రమ్ము నడుముకు పెడితే మేత నిండగానే బరువు ఇరుసు ఎత్తుకు వచ్చేస్తుంది, గేదె మూతితో నెట్టీ నెట్టకముందే అంతా బోర్లా పడుతుంది. అంచుకు మూడు వేళ్ల కింద పెడితే బరువెప్పుడూ ఇరుసుకు కిందే ఉంటుంది. ఎంత నెట్టినా ఊగి, మళ్లీ తన చోటుకే వస్తుంది. పైకి కుప్పగా మేత వేసినప్పటి కోసం పక్కన ఒక చిన్న గడియ ఉంటే ఇక బెంగ లేదు. మూడు వేళ్ల తేడాతో కుదిరే ఈ నిలకడను లెక్క కట్టకుండానే, ఖాళీ డ్రమ్మును చేత్తో ఊపి చూసి పట్టేసే పనివాళ్లున్నారు.

కోసిన అంచుకు చీల్చిన రబ్బరు గొట్టం తొడుగుతారు. నాలుగు రోజుల్లో ఆవు దాన్ని నమిలేస్తుంది. ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది కాబట్టి అంచును వేడి చేసి చట్రపు కడ్డీ మీదికి మడిచేయడమే గట్టి పని. మెడ కింది గంగడోలు రాసుకున్నా గీరుకోదు.

ఎత్తు మార్చే అవసరం దూడతోనే తీరిపోదు. మూడడుగులు కూడా లేని పుంగనూరు ఆవును ముర్రా గేదె పక్కన కట్టినప్పుడు, గేదెకు కట్టిన యాభై సెంటీమీటర్ల గోడ దానికి ఛాతీ దాకా వస్తుంది. మేకల సంగతి పూర్తిగా తిరగబడుతుంది. మేక ఆకు మేసే జంతువు. తల ఎత్తి, ముందు కాళ్లు కొమ్మకు ఆనించి తినడం దాని స్వభావం. కింద పడి మురికైనది ముట్టదు. దానికి తొట్టి తల ఎత్తున, నిలువు కడ్డీల వెనక ఉండాలి, కాళ్లు లోపల పెట్టకుండా. పైగా మేకల కింద పొట్టూ ఎండాకూ పరిచి పేడతో సహా పేరనిచ్చే పద్ధతిలో నేలే నెలనెలా పైకి లేస్తుంది. కదలని తొట్టి ఆ మేరకు కిందికి దిగిపోయినట్టే. అప్పుడు చీల తీసి ఒక కన్నం పైకి వేయాలి. ఎరువు తోలించిన రోజున మళ్లీ కిందికి దించాలి.

గోకులం మంజూరై పునాది తీయబోతున్నవాళ్లు మేస్త్రితో మాట్లాడేటప్పుడు తొట్టి గోడ సిమెంటుతో కట్టించుకున్నా సరే, ఒక చివర రెండు గొట్టాలు పాతించుకుంటే మంచిది. ఈ ఏడు అక్కడ దూడ తొట్టి వేలాడుతుంది. వచ్చే ఏటికి ఆ దూడ పడ్డ అవుతుంది, ఒక్కో కన్నం ఎక్కుతూ తొట్టీ దానితో పెరుగుతుంది. గొట్టాలు పాతే రోజున నేల మట్టం ఇంకా ఖరారు కాకపోతే పని ఆపించండి. రసమట్టం పెట్టి, గేదె గిట్టలు ఆనే చోటు గుర్తు పెట్టి, అక్కణ్నుంచి నాలుగంగుళాలు పైకి కొలిచాకే మొదటి కన్నం తొలవాలి.