రంపం ఆగాక

మొన్న ఆఫీసులో నాణెం మాయం చేసి చూపించాను. ‘ఎలా?’ అనగానే గుట్టు చెప్పేశా. చప్పట్లు అక్కడే ఆగిపోయాయి. ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ గుర్తొచ్చాడు.

మనిషిని రంపంతో కోసే ట్రిక్కుని సెల్బిట్ 1921లోనే లండన్ రంగస్థలం మీద చూపించాడు. సర్కార్ దాన్నే 1956 ఏప్రిల్‌లో బీబీసీ ‘పనోరమా’ ప్రత్యక్ష ప్రసారంలో చేశాడు. కోత అయ్యాక అమ్మాయి చేతులు రుద్దాడు, ఆమె లేవలేదు. ముఖం మీద గుడ్డ కప్పాడు. వ్యాఖ్యాత డింబుల్‌బీ అడ్డొచ్చి కార్యక్రమం ముగించేశాడు. బీబీసీకి ఫోన్లే ఫోన్లు. అమ్మాయి మాత్రం క్షేమం.

అంతలా భయపెట్టడం న్యాయమేనా అన్న శంక నాకుంది. కానీ ఆమె లేచి నవ్వుంటే ఆ రాత్రే మర్చిపోయేవాళ్ళు. ట్రిక్కు పాతదే, ముగింపే కొత్తది. నాలాంటి నేర్చుకునేవాళ్ళం రంపం గుట్టు కోసం వెతుకుతాం. చూడాల్సింది, ఆయన ఎక్కడ ఆపాడన్నది.