పాత పటానికి ఏరు, కొత్త పటానికి గంజి

బొమ్మలు వేసేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు జాగా కరువొస్తుంది. అటక మీద, మంచం కింద, బీరువా వెనక ఏళ్ల తరబడి పేరుకున్న బొమ్మలే. అమ్ముడుపోవు, పారెయ్యడానికి చెయ్యి రాదు. ఈ బాధ తెలంగాణలోని చేర్యాలలో కథల పటాలు గీసే పాతకాలపు చిత్రకారులకు, అంటే నకాషీలకు, అంతగా లేదు. పటం పాతబడితే ఏం చెయ్యాలో సంప్రదాయమే తేల్చి పెట్టింది.

హైదరాబాద్‌లో ఉస్మాన్‌గంజ్ టోకు అంగళ్లు దాటి అబిడ్స్ వైపు వస్తే గన్‌ఫౌండ్రీలో గోల్కొండ హస్తకళల ఎంపోరియం ఉంది. చేర్యాల బొమ్మలు అక్కడ గోడకు తగిలించుకునే సైజుల్లో దొరుకుతాయి. అసలు పటం ఏ గోడకూ పట్టేది కాదు. సుమారు 3 అడుగుల వెడల్పు, 40 నుంచి 60 అడుగుల దాకా పొడవు ఉండే గుడ్డచుట్ట అది. దాన్ని వేయించుకునేది కథకులు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవారు. ఊరూరా తిరుగుతూ, పటాన్ని వేలాడదీసి, ఒక్కో గడీ విప్పుతూ రాత్రంతా కథ నడిపేవారు.

ఈ పటానికి కావలసిన సరుకు సగం వంటింటిదే. ఖద్దరు గుడ్డ మీద బియ్యపు గంజి, సుద్దమట్టి, చెట్టు జిగురు, ఉడికించిన చింతగింజల పిండి కలిపి పూస్తారు. చింతగింజల్ని నానబెట్టి, రుబ్బి, నీళ్లు పోసి చిక్కగా ఉడికించాలి. పూతలు మూడు, ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకొకటి. పూత పలచనైతే రంగు గుడ్డలోకి ఇంకిపోతుంది. మందమైతే పటం చుట్టినప్పుడు పగులుతుంది. నకాషీ పనితనం తెలిసేది ఇక్కడే.

ఆ తర్వాత కుంచెతో నేరుగా గీత. ఉడత వెంట్రుకల కుంచెలు వాడేవారు. మొదటి గడి గణపతిది. వెనక నేలంతా ఎరుపు. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపపు మసి నుంచి, నీలం నీలిమందు నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి వచ్చేవి. దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ రంగు. దూరాన కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో రంగును బట్టే తెలియాలి మరి.

ఇన్ని ఊళ్లు తిరిగాక పటం అంచులు చిరుగుతాయి, రంగు రాలుతుంది. అప్పుడు కథకులు దాన్ని మూలన పడేసేవారు కాదు. మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలిపేవారు. జిగురుతో నిలిచిన రంగు నీళ్లకు కరిగిపోయేది. తర్వాత నకాషీ ఇంటికి వచ్చి కొత్త పటం వేయమని చెప్పేవారు. పాతది పోవడమంటే నకాషీకి పని దొరకడమే. అదే కథను కొడుకు, మనవడు మళ్లీ మొదటి గడి నుంచి గీయాల్సి వచ్చేది. కళ గుడ్డ మీద కాక చేతిలో నిలిచింది అందుకే.

దీనికి మూల్యం కూడా ఉంది. పాత పటాలు బహు తక్కువ మిగిలాయి. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో 1625 నాటి పటం ఉందంటే అది అరుదైన అదృష్టం.

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు, పొడుగు పటాలు అడిగేవాళ్లు దాదాపు లేరు. చేర్యాలలో మిగిలిన కొద్ది నకాషీ కుటుంబాలు చిన్న బొమ్మల మీద, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసే మాస్కుల మీద బతుకుతున్నాయి. రంగులు కూడా చాలావరకు సీసాల్లో వస్తున్నాయి. చేర్యాల పేరుకు భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, గుర్తింపు ఒక్కటే కడుపు నింపదు.

పటాన్ని ఏట్లో కలిపే ఆచారం గొప్పది, కొత్త పటం వస్తుందన్న భరోసా ఉన్నంతకాలం. ఆ భరోసా లేనప్పుడు అది ఉన్నది పోగొట్టుకోవడమే. అందుకే, మీ ఇంట పాత పటం ఉంటే మడత పెట్టకండి, తడి తగలనివ్వకండి. మీవల్ల కాకపోతే మ్యూజియానికి చెప్పండి. కొత్తగా కొనేటప్పుడు మాత్రం అచ్చు వేసిన నకలు వద్దు. నకాషీకి ఒక కథ చెప్పి వేయించుకోండి.