ఆనందరంగడి పేరుకు ప్రాస

పుదుచ్చేరి రంగపిళ్ళై వీధిలో ఓ పాత మేడ ఉంది. ఫ్రెంచి గవర్నరు డూప్లెక్స్ దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఇల్లది. 1736 నుంచి ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య చరిత్రకారులకు పెన్నిధి. మనకు మాత్రం ఆ ఇంటితో ఇంకో చుట్టరికం ఉంది. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. దాని పేరే ఆనందరంగరాట్ఛందము.

ఆ పేరుతో కందం మొదలుపెట్టి చూడండి, ప్రాస వెతకడమంటే ఏమిటో తెలుస్తుంది. ‘ఆనం’ గగము, ‘దరంగ’ జగణం. కందంలో జగణం బేసి చోట్ల పనికిరాదు. ఇది రెండో గణం కనుక దర్జాగా కూర్చుంది. ఇక ప్రాసాక్షరం ‘న’. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ‘న’కారమే కావాలి, దానికి ఏ అచ్చయినా పరవాలేదు. మొదటి అక్షరం మాత్రం గురువే ఉండాలి. వాన, తేనె, సోన, మేను... వస్తూనే ఉంటాయి.

రేవుపట్నం కదా, సముద్రాన్ని పాదం మొదట పెడదామనిపిస్తుంది. ‘వనధి’ ఉంది, రెండో అక్షరం ‘న’యే. కానీ మొదటిది లఘువు, కుదరదు. ‘మున్నీరు’కు మొదట గురువుంది కానీ అక్కడ ‘న్న’ ద్విత్వం, ఒంటి ‘న’తో పొత్తు కలవదు. రెండూ వెంట్రుకవాసిలో తప్పిపోయాయి! ప్రాస ‘డ’ అయితే కడలి, ‘ల’ అయితే జలధి, ‘ర’ అయితే వారిధి, ‘గ’ అయితే సాగరం. భావం ఒక్కటే, అక్షరాన్ని బట్టి మాట మారుతుంది.

ఫ్రెంచి కవి ప్రాస కోసం పాదం చివర చూస్తాడు. తమిళుడి ఎదుగై మన ప్రాసలాగే రెండో అక్షరం దగ్గరే. సినిమా పాటతో మనకూ అంత్యప్రాస అలవాటైంది. అది చెవికి ఇంపే, కానీ ‘-ఆలి’, ‘-ఇంది’ లాంటి క్రియల తోకలు కలిపితే చాలు, సగం పని అయిపోతుంది. ఆదిప్రాసలో ఆ వెసులుబాటు లేదు. మాట మొదలే కలవాలి.

అందుకే తెలుగు కవికి ప్రాసపదాల జాబితా కన్నా పర్యాయపదాల నిఘంటువు ఎక్కువ అక్కరకొస్తుంది. రంగకవి ఈ సంగతి ఎరిగినవాడనే నా నమ్మకం. ఎందుకంటే ఛందస్సు చెప్పి ఊరుకోలేదాయన, పద్యాల్లో సాంబనిఘంటువు కూడా కూర్చాడు. పద్యమైతే నోటికి వస్తుంది, వెతుక్కోనక్కర్లేదు. మూసా ఆయనదే, మూసలో పోసే లోహమూ ఆయనదే. ఒక చేతి మీదుగా రెండూ రావడం అరుదు.

‘ఆనంద’ వదిలి ‘రంగ’తో పాదం ఎత్తుకుంటే మరో ఆట. ‘గ’కు ముందు నిండుసున్న ఉంది కనుక అన్ని పాదాల్లోనూ ఉండాలి, ‘రాగం’ చెల్లదు. గంగ, సింగం, ముంగిలి, బంగారం చెల్లుతాయి. రేవులో వ్యాపారం చేసిన పిళ్ళైగారికి అంగడి, లంగరు కూడా.

మిగతావి మీరు వెతకండి.