యూపీ స్కూలు: లెక్కల మధ్య జారిపోయిన పల్లె బడి

తెలుగు పల్లెల్లో యూపీ స్కూలంటే తెలియనివారు ఉండరు. కాగితాల మీద దాని పూర్తి పేరు మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా చిన్నబడి, దానిమీద ఆరు, ఏడు తరగతులు. విద్యాహక్కు చట్టం వచ్చాక కొన్నిచోట్ల ఎనిమిది కూడా. ప్రాథమికానికీ ఉన్నతానికీ గుణసంధి కుదిర్చి ఆ పేరు పెట్టినవారు, ఆ సంధిని మించిన గుణం దానికొకటి ఉంటుందని భావించినట్టు కనిపించదు. గత పాతికేళ్ళలో తెలుగు నేల మీద బడి చదువుల గురించి వచ్చిన పరిశోధన తక్కువేమీ కాదు. కాని అందులో ఎక్కువ భాగం ఐదో తరగతి దగ్గర ఆగిపోతుంది, లేదా పదో తరగతి ఫలితాల దగ్గర మొదలవుతుంది. నడుమనున్న పదకొండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు, వాళ్ళు కూర్చునే బడి, ఆ బడికీ ఊరికీ మధ్యనున్న సంబంధం ఆ లెక్కల సందులో జారిపోయాయి. జారిపోయినదాన్ని మూసివేయడం తేలిక. అందుకే ఈ లెక్కలను పరీక్షించవలసిన అవసరం ఉంది.

మధ్య దశను ప్రత్యేకంగా గుర్తించడం అసాధ్యమైన పనేమీ కాదు. బహ్రెయిన్‌లో ప్రభుత్వ విద్య ఆరేళ్ళ ప్రాథమికం, మూడేళ్ళ మాధ్యమికం, మూడేళ్ళ ఉన్నతం అని మూడు మెట్లుగా సాగుతుంది. నడిమి మెట్టుకు అక్కడ ‘ఇఅదాదీ’ అని సొంత పేరుంది, సన్నాహక దశ అని దాని అర్థం. ఇంతకన్నా ఆసక్తికరమైన విషయం, అటువంటి పేరు తెలంగాణ పల్లెలకు కూడా ఒకప్పుడు ఉండేది. నిజాం రాజ్యంలో చిన్నబడి తహ్తానియా, నడిమిబడి వస్తానియా, పెద్దబడి ఫౌఖానియా. వస్తానియాలో బోధన ఉర్దూలో జరిగేది, పల్లెలో తెలుగు పిల్లవాడికి అది పరాయి బడే. అయినా దానికొక నిర్దిష్టమైన స్థానం ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ వైపు హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు ఉండేది. ఎనిమిదో తరగతి చివర ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష, అది గట్టెక్కినవాడు ఉపాధ్యాయ శిక్షణకు పోవచ్చు, చిన్నపాటి ఉద్యోగం వెతుక్కోవచ్చు. హైస్కూలు ముఖం చూడని పల్లె పంతుళ్ళు ఒక తరం పాటు ఆ దారినే వచ్చారు. అంటే ఆ బడికి తనదైన గుమ్మం ఒకటి ఉండేది. తరువాతి కాలంలో అది గుమ్మం లేని నడవగా మారింది.

ఆ మార్పు పరిపాలనలో జరిగింది. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినప్పుడు పల్లె బడులు రెండు చేతుల్లోకి పోయాయి: చిన్నవి సమితికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుకు. 1986లో సమితుల స్థానంలో మండలాలు వచ్చినా ఈ పంపకం మారలేదు. యూపీ స్కూలు చిన్నబడుల పద్దులో పడింది. ఏడో తరగతి చివర కామన్ పరీక్ష ఉన్నంతకాలం దానికి కొంత ప్రతిష్ఠ దక్కింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ప్రాథమిక విద్య అంది. ఇక్కడి బడులేమో ఏడుతో ముగిసేవి. చట్టం గీసిన గీత, గోడ కట్టిన చోటు ఒకటి కాలేదు. అదే చట్టపు షెడ్యూలు ఆరు నుంచి ఎనిమిది తరగతులకు తరగతికొక్కరు చొప్పున, గణితం-సైన్సుకు, సాంఘికానికి, భాషలకు కనీసం ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఉండాలని కోరుతుంది. షెడ్యూలు సబ్జెక్టును చూసి ఉపాధ్యాయుణ్ణి ఇమ్మంటుంది, రేషనలైజేషన్ తలలు లెక్కపెట్టి ఇస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగి, తెలుగు పండితుడే సాంఘికం కూడా చెప్పే బడులు ఎన్నో.

తలల లెక్కకు ఒక చరిత్ర ఉంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లను స్థానిక బడుల వివరాలు పంపమన్నాడు. 1826లో తేలిన మొత్తం: 1,28,50,941 మంది జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి, బడికి సగటున పదిహేను మంది. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదిక మరీ విలువైనది. ఆ జిల్లాలో 533 బడులు, అందులో 226 తెలుగువి, 235 కన్నడవి. చదివేవారు 6,641 మంది. సగటు పన్నెండు దాటి కాస్త. ఈ కొలతతో చూస్తే ఆ 533లో అత్యధికం నేటి విద్యాశాఖ దృష్టిలో ‘నిర్వహణకు పనికిరానివి’. అయినా ఊరు వాటిని పోషించుకుంది. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతిని, తక్కువ ఖర్చును క్యాంబెల్ మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడాన్ని అంతే గట్టిగా తప్పుపట్టాడు.

ఈ నివేదికలను 1983లో ధరంపాల్ ‘ది బ్యూటిఫుల్ ట్రీ’లో ప్రచురించాక, వలసపాలనకు ముందు పల్లెలో చదువు వెల్లివిరిసిందన్న వాదానికి అవి ఆయుధమయ్యాయి. ధరంపాల్ చేసిన మేలు పెద్దది, పత్రాలను పూర్తిగా అచ్చువేశాడు. కాని వాటిని ఎత్తిచూపేవారు ఒక వరుస దగ్గర కళ్ళు మూసుకుంటారు. బళ్ళారి 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. తమిళ జిల్లాల్లో శూద్ర కులాల పిల్లలు పెద్ద సంఖ్యలో బడిలో ఉన్నమాట నిజం. తెలుగు జిల్లాల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లల వాటా అంతకంటే స్పష్టంగా ఎక్కువ. ఊరు పోషించిన బడిలో ఊరంతా లేదు. నేటి యూపీ స్కూలును ఆ బడితో పోల్చి తక్కువ చేసేవారు గమనించవలసింది ఇదే: చరిత్రలో మొదటిసారి ఊరంతా, అంటే శివారు తండా, దళితవాడ, ఆడపిల్లలు, ఒకే గోడల మధ్య కూర్చున్న నడిమిబడి ఇది. స్తోమత ఉన్నవారు వెళ్ళిపోవడం మొదలుపెట్టింది కూడా ఆ తరువాతే.

ఇక ఆధునిక కొలతలు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదికలు గ్రామీణ విద్య చర్చను మార్చివేశాయి. బడికి పోవడం, చదువు రావడం ఒకటి కాదని దేశానికి చెప్పింది అవే. అయితే ఆ పరీక్ష ఐదేళ్ళ పిల్లకూ పదహారేళ్ళ పిల్లకూ ఒకటే: రెండో తరగతి స్థాయి పాఠం చదవడం, భాగహారం చేయడం. ఎనిమిదో తరగతిలో ఇంతమంది రెండో తరగతి పాఠం చదవలేరన్న వాక్యం ప్రతిసారీ పత్రికలకెక్కుతుంది. అది చిన్నబడి వైఫల్యాన్ని నడిమిబడి ఖాతాలో రాయడం. ఆరో తరగతిలో భిన్నాలు, బీజగణితం మొదలయ్యే చోట ఆ బడి ఏం చేసింది, ఏం చేయలేకపోయింది అన్నది ఆ కొలబద్దకు అందదు. జ్వరమాపినితో రక్తపోటు చూడలేం. అది పరికరం తప్పు కాదు, అందులో లేనిదాన్ని చదివేవారి తప్పు.

కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగాలు ఇంకా పటిష్ఠమైనవి. 2015లో ప్రచురితమైన వోచర్ల అధ్యయనంలో 180 గ్రామాల్లో లాటరీ ద్వారా పిల్లలను ప్రైవేటు బడులకు పంపారు. నాలుగేళ్ళ తరువాత తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలకూ వారికీ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు. ప్రైవేటు బడి ఖర్చు తలకు ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతు కూడా లేదు. కాబట్టి ప్రైవేటు బడి తక్కువ ఖర్చుతో అంతే చదువు, పైగా హిందీ చెప్పిందని తేల్చారు. ఈ ముగింపులో తప్పు లేదు, తొందర ఉంది. ఇక్కడి ప్రభుత్వ బడిలో హిందీ మొదలయ్యేది ఆరో తరగతిలో. చెప్పని పాఠంలో వెనుకబడడం ఓటమి కింద లెక్కకు వచ్చింది. పిల్లలు నడిమిబడి గడప తొక్కే వేళకు అధ్యయనం ముగిసిపోయింది. ఆ పత్రంలోనే మరొక సూచన ఉంది, దాన్ని ఉటంకించేవారు తక్కువ: ప్రైవేటుకు మారిన పిల్లల్లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరినవారికంటే తెలుగు మాధ్యమంలో కొనసాగినవారి స్థితి మెరుగు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వు జారీ చేసినప్పుడు (2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది), 2022-23లో తెలంగాణ ఒకటి నుంచి ఎనిమిది దాకా అదే బాట పట్టినప్పుడు, ఆ సూచన ఎవరికీ గుర్తుకు రాలేదు. ఎడమ పేజీలో ఇంగ్లీషు, కుడి పేజీలో తెలుగుగా అచ్చయిన ద్విభాషా పుస్తకాలు ఒక రాజీ. ఆరో తరగతి సైన్సు చెప్పే ఉపాధ్యాయుడు ఏ పేజీ తెరుస్తున్నాడన్నది పరిశోధించదగిన ప్రశ్న.

పదకొండు, పన్నెండేళ్ళ వయసుకు మరో లక్షణముంది. ఆ వయసులో పిల్లల చేతులకు కూలి ధర వస్తుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే పొలాల్లో క్రాసింగ్ పనికి దశాబ్దాల పాటు ఎక్కువగా ఆడపిల్లలనే పెట్టుకున్నారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. పూత ఉన్నన్నాళ్ళూ ఈ పని ఆగదు. బడుల గణాంకాలు సేకరించే యూడైస్ లెక్కకు చాలాకాలం ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30. సరిగ్గా పొలంలో పని ముమ్మరంగా ఉండే కాలం. పేరు పట్టీలో, పిల్ల పత్తిచేలో. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రంతో పనిచేసింది. శిబిరాల్లో ఏడాది చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చడం వారి పద్ధతి. వారి దగ్గర నేర్చుకోవలసింది ఆ పద్ధతి కన్నా, ఊరిని ఒప్పించిన తీరు. బడి మానిన పిల్ల గురించి పంచాయతీలో మాట్లాడడం ఒక అలవాటు అయ్యేదాకా వాళ్ళు వదల్లేదు. ఆ అలవాటుకు ఊళ్ళోనే బడి ఉండాలి.

వైద్యశాస్త్రం వైపు నుంచి చూస్తే నడిమిబడి మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ పరిశోధకులు మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఏడు నుంచి పదిహేనేళ్ళ పిల్లలు 4,074 మందిని పరీక్షించారు. అద్దాలు లేకుండా మెరుగైన కంటి చూపు 20/40 లేదా అంతకు తక్కువ ఉన్నవారు 2.7 శాతం, ఉన్న అద్దాలు పెట్టుకుని చూసినా 2.6 శాతం, సరైన అద్దాలిస్తే 0.78 శాతం. మొదటి రెండు అంకెల మధ్య తేడా ఎంత చిన్నదో చూస్తే, అవసరమైన పిల్లలకు అద్దాలు లేవని తేలిపోతుంది. వందమంది ఉన్న బడిలో ఇద్దరు ముగ్గురికి నల్లబల్ల మసకగా ఉంటుంది. చిన్న తరగతుల్లో పలక ఒళ్ళో ఉంటుంది కనుక నెట్టుకొస్తారు. ఆరో తరగతిలో చదువు బల్లమీదికి మారుతుంది. ఆ పిల్లవాడు మందబుద్ధి అవుతాడు. 2018లో తెలంగాణలో, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కంటి వెలుగు పథకాలు వచ్చాయి. మంచి పనే. కాని దగ్గరి చూపు పెరిగే పిల్లలతోపాటు పెరుగుతుంది, ఒకసారి ఇచ్చిన అద్దం రెండేళ్ళకు పనికిరాదు. పరీక్ష ప్రతి ఏడూ బడిలోనే జరగాలి.

రక్తహీనతది మరో కథ. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో సగానికి మించి రక్తహీనులు. రజస్వల అయ్యే వయసు నడిమిబడి వయసే. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర, మధ్యాహ్న భోజనం, తలుపు మూసుకునే మరుగుదొడ్డి ఈ మూడూ ఆ పిల్లకు బడిలోనే దొరుకుతాయి. బడి మానితే మూడూ పోతాయి.

బహ్రెయిన్‌లో మనామాకు దక్షిణాన, మఆమీర్ పారిశ్రామిక వాడ పక్కనున్న నువైద్రాత్ వంటి చోట్లకూ ఈ కథకూ సంబంధం ఉంది. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయిన కూలీల్లో అత్యధికులకు కుటుంబాన్ని రప్పించుకునే వేతనం ఉండదు. బిడ్డ ఊళ్ళోనే ఉంటుంది, డబ్బు ఊరికి వస్తుంది. ఆ డబ్బుతో తండ్రి మొదట కొనేది, అప్పు తీరాక, మండల కేంద్రంలోని ఇంగ్లీషు మీడియం బడిలో సీటు. పొద్దున ఊళ్ళోకి వచ్చే పసుపు బస్సు వెళ్ళేటప్పుడు యూపీ స్కూలు తలల లెక్కను కొంత తగ్గించుకుని పోతుంది. ఆ తండ్రిని తప్పుపట్టడం అన్యాయం, ఎడారిలో అతడు కొనుక్కుంటున్నది ఆశ. అయితే చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలి. అడగగల తండ్రి సముద్రం అవతల ఉన్నాడు, అతడి బిడ్డ వేరే బడిలో ఉంది. కమిటీలో మిగిలేది కూలి మానుకుని సమావేశానికి రాలేని తల్లులు.

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన 117వ ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి హైస్కూళ్ళకు కలపబోయింది. నిరసనల తరువాత 2025లో దాన్ని ఉపసంహరించుకున్నారు. సబ్జెక్టు ఉపాధ్యాయులు అందరికీ అందాలన్న దాని ఉద్దేశం తేలికగా కొట్టివేయదగినది కాదు. ఇరవై మంది పిల్లలకు ముగ్గురు నిపుణులను ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా బరువే. పిల్లలను కదిలించడం కన్నా ఉపాధ్యాయుణ్ణి కదిలించడం మేలన్న ఆలోచన కొఠారీ కమిషన్ స్కూలు కాంప్లెక్సుల ప్రతిపాదనలోనే ఉంది. లెక్కల మాస్టారు వారంలో రెండు రోజులు ఈ ఊరు, రెండు రోజులు ఆ ఊరు మోటారుసైకిల్ మీద తిరగగలడు. పన్నెండేళ్ళ పిల్ల మూడు కిలోమీటర్లు, చీకటి పడేవేళ, ఒంటరిగా తిరగలేదు.

కలపడమా, ఉంచడమా అన్న నిర్ణయానికి ముందు చూడవలసిన సమాచారం కొత్తగా సేకరించనక్కరలేదు. ఏ నెలలో ఏ వాడ పిల్లలు రాలేదో, ఏడో తరగతి తరువాత ఏ ఆడపిల్ల ఎనిమిదిలో చేరలేదో, బడి హాజరు పట్టీలోనూ అడ్మిషన్ రిజిస్టరులోనూ పంతులు చేతిరాతలో ఉన్నాయి. పరిశోధకులు ఆ బడులకు తమ ప్రశ్నపత్రాలు పట్టుకుని వెళ్ళారు. బీరువాలోని ఆ పట్టీలను తెరిచి చదివినవారు మాత్రం తక్కువ.